దేవుడి గూట్లో గిన్నె

కింది వాటాలో ఎండు రొయ్యలు వేయిస్తున్నారు. మచిలీపట్నంలో ఆదివారం పొద్దున ఇది వింతేమీ కాదు. ఆ వాసన మెట్లెక్కి నా గదిలోకి వస్తే ఎవరికైనా నోట్లో నీళ్ళూరాలి. నా చెయ్యి మాత్రం దానంతటదే బ్యాగులో ఇన్‌హేలర్ కోసం తడుముతుంది. ఉబ్బసం ఉన్నది నాకే గానీ, రొయ్యలు నాకు బాగానే పడతాయి. ఆ వాసనకి నేను ఉలిక్కిపడేది నా కోసం కాదు, ఇప్పుడు లేని ఒక మనిషి కోసం. ఆయన పోయారన్న సంగతి నాకు తెలుసు, నా చేతికే ఇంకా తెలిసినట్టు లేదు.

ఆయన కృపానందం గారు. నాగాయలంకలో రొయ్యల మేత అమ్మే దుకాణం వెనక, చెరువు నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు ఉండేది. చదువైపోయాక నా మొదటి ఉద్యోగం అందులోనే. ఆయన నా పైఅధికారి. మోటారు సైకిలు మీద చెరువుల వెంట తిరుగుతూ, రొయ్యకి ఏ జబ్బు తగిలిందో, ఏ మందు చల్లాలో రైతులకు చెప్పేవారు. పమిడిముక్కల దగ్గర పల్లెటూరి మనిషి. భార్య పోయాక అద్దెగదిలో ఒక్కరే ఉంటూ, ఆదివారం గుడివాడ వెళ్ళి చర్చిలో అందరికంటే వెనక బల్ల మీద కూర్చుని వచ్చేవారు. చెరువు గట్టెక్కిన మనిషిని అన్నం పెట్టకుండా పంపడం దివిసీమలో పరువు తక్కువ పని. అయినా ఆయన ఎవరింట్లోనూ ముద్ద ముట్టేవారు కాదు. ఎవరు పిలిచినా ఈరోజు ఉపవాసమండీ అనేవారు. సోమవారం ఉపవాసం, మంగళవారం ఉపవాసం, బుధవారమూ ఉపవాసమే. దాంతో ఆయన మహాభక్తుడని సీమంతా పేరు పడిపోయింది. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు రాకుండా ప్రార్థన చేయమని హిందువులు కూడా గట్టు మీద చెప్పులు విడిచి నిలబడేవారు. ఆయన ఇబ్బంది పడుతూనే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. చేశాక, ఎందుకైనా మంచిది చెరువులో సున్నం కూడా వేయమని చెప్పేవారు.

ఒకరోజు నీళ్ళ సీసాలు తెచ్చుకుంటూ కాలువ గట్టు మీద వస్తుంటే, తుమ్మచెట్ల వెనక ఆయన మోటారు సైకిలు కనిపించింది. రోడ్డుకి వీపు తిప్పి కూర్చుని, క్యారేజీలోంచి పప్పన్నం దొంగతిండి తిన్నట్టు గబగబా తింటున్నారు. ఉపవాసం ఎక్కడిదాకా వచ్చిందండీ అని వేళాకోళమాడాను. ఆయన నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, రొయ్యలు తనకు పడవని చెప్పారు. ఏళ్ళ తరబడి వాటిని తిన్నవారే, చేత్తో పట్టుకున్నవారే. ఉన్నట్టుండి ఒకసారి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయట. అప్పట్నుంచి రొయ్యలు ఉడికే ఆవిరి తగిలినా గొంతు బిగుస్తుందట. ఆ మాటే అందరికీ చెప్పేస్తే పోతుంది కదా అన్నాను.

"రొయ్య పడనోడు రొయ్యకి వైద్యం చేస్తానంటే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నారు. ఆయన చెప్పింది సగమేనని అప్పుడు నాకు తెలియదు.

ఆయనకి నీతులు చెప్పడానికి నేనెంతదాన్ని? నేనూ దాక్కునేదాన్నే. మా ఇంట్లో ఇన్‌హేలర్ నలుగురిలో తీయకూడని వస్తువు. అలవాటైపోతుందని ఒక భయం, ఆడపిల్లకి ఆయాసం ఉందని తెలిస్తే ఏమనుకుంటారోనని ఇంకో భయం. ల్యాబులో నా బల్ల మేత బస్తాల పక్కనే ఉండేది. బస్తా విప్పినప్పుడల్లా పొడి లేచి ఛాతీ పట్టేసేది. నేను బాత్రూములోకి పరుగెత్తి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో మందు పీల్చుకుని వచ్చేదాన్ని. కృపానందం గారు ఒక్క మాటా అడగలేదు. ఒక సోమవారం వెళ్ళేసరికి నా బల్ల కిటికీ దగ్గరుంది, బస్తాలు అవతలి గదిలోకి పోయాయి. తర్వాతెప్పుడో, దాక్కుని హడావిడిగా పీలిస్తే మందు సగమే లోపలికి పోద్దని, నిలబడి నింపాదిగా పీల్చమని చెప్పారు. ఆయాసం తగ్గింది కదా అని, డాక్టరు రోజూ వాడమన్న రెండో ఇన్‌హేలర్ నేను మానేసినప్పుడు మాత్రం కోప్పడ్డారు. "రొయ్యలు హుషారుగా ఉన్నాయని చెరువు నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు ఆపేస్తామా? తెల్లారేసరికి అన్నీ చచ్చి తేలిపోతాయి" అన్నారు. ఆ కోపం నాకెంతో ఆప్యాయంగా అనిపించింది. నా ఊపిరి గురించి ఇంటి బయట పట్టించుకున్న మొదటి మనిషి ఆయనే.

చెరువు కౌలుకు చేసే రైతుల్లో వెంకటేశ్వరమ్మ ఒకామె. సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె చెరువులో పంట బాగా పండిన రోజున, రొయ్యల పట్టుబడి చూడటానికి ఇద్దరం వెళ్ళాం. ఉపవాసమని ఆయన అనబోతే ఆమె ఒప్పుకోలేదు. అయ్యగారి కోసమని నీచు లేకుండా వేరే వంకాయ కూర చేశానని కంచం గట్టు మీదికే తెచ్చి ముందు పెట్టింది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, అడగాల్సింది అడగకుండా తినడం మొదలుపెట్టారు. వంకాయ కూరలో రొయ్య లేదు. కానీ పక్క పొయ్యి మీద రొయ్యల కూర కలిపిన గరిటెతోనే దాన్నీ కలిపింది. కంచం సగం కాకముందే ఆయన పెదాలు వాచాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి, ఊపిరి ఈలలా మోగింది. నేను అంతమందిలో ఇన్‌హేలర్ తీసి ఆయన నోటికి పెట్టాను. సిగ్గు అప్పుడు గుర్తే రాలేదు. ఆటోలో అవనిగడ్డ తీసుకెళ్తే, డాక్టరుగారు తొడకి ఇంజెక్షన్ ఇచ్చారు. ఇన్‌హేలర్ ఊపిరికి కాస్త ఊతమిచ్చిందే గానీ ప్రాణం నిలబెట్టింది ఇంజెక్షనేనని, ఇలాంటిది మళ్ళీ వస్తే ఎక్కడా ఆగకుండా రావాలని చెప్పారు. కూరలో రొయ్య లేకపోవడం ఒక్కటే చాలదు, గిన్నె, గరిటె, నూనె అన్నీ వేరుగా ఉండాలన్నారు.

డాక్టరుగారు వెళ్ళిపోయాక కృపానందం గారు కప్పు వైపు చూస్తూ పడుకున్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ ఒక్క మాట ముందే అడిగితే ఏం పోయింది అన్నాను.

"మా ఊరి టీకొట్లో ఊరి బయటి మా పేటవాళ్ళకి వేరే గ్లాసుండేదమ్మా. కొట్టువాడు దాన్ని చూరులో దోపి పెట్టేవాడు. మా నాన్న అది తీసుకుని, తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే దోపేవాడు. నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఇప్పుడు నేను ఇల్లిల్లూ తిరిగి, నా గిన్నె వేరుగా పెట్టండి అని అడగనా? ప్రాణం పోయేలా ఉన్నా ఆ మాట నాకు నోట్లోంచి రాదు."

మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ వెంకటేశ్వరమ్మ అంతా విన్నది. విని, కొంగుతో ముఖం తుడుచుకుని, "చెప్పొద్దాండీ? మీ ప్రాణం నా గరిటె మీద పెట్టుకుని తిరుగుతున్నారా ఇన్నాళ్ళూ?" అంది. వెంటనే బస్సెక్కి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి చెరువు చూడటానికి మళ్ళీ వెళ్ళినప్పుడు, ఆమె మమ్మల్ని ఇంట్లోకి రమ్మంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. గోడలో దేవుడి గూడు, అందులో పటాలు, పటాల పక్కన కొత్త స్టీలు గిన్నె, గరిటె. పెళ్ళి సామానుకి పేర్లు వేయించినట్టు గిన్నె మీద "కృపానందం గారు" అని చెక్కించింది. "చేపల చెయ్యి తగలని చోటు మా ఇంట్లో అదొక్కటేనండి, అందుకని అక్కడ పెట్టా. మీ దేవుడు ఏమీ అనుకోడు గదా?" అంది. ఆ గిన్నెలో వేరే పొయ్యి మీద వండిన గుడ్డు పులుసు పెట్టింది. ఆయన గోడకి జేరబడి, వీధి వైపు తిరిగి, తొందర లేకుండా తిన్నారు. నాకు తెలిసి పరాయి ఇంట్లో ఆయన అలా తిన్న అన్నం అదే మొదటిది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. నిజం నలుగురికీ తెలిశాక ఆయన భక్తి పేరు కరిగిపోయింది. ప్రార్థన అడిగేవాళ్ళు మానేశారు, కొందరు వెనక నవ్వుకున్నారు. రెండో ఇంట్లో రెండో గిన్నె వెలవలేదు. డాక్టరుగారి సలహా మీద చెరువుల పని వదిలి, గుడివాడలో గోడౌను చూసుకోవడానికి వెళ్ళిపోయారు. ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేసి, ఊపిరి ఎలా ఉందమ్మా అని అడిగేవారు. రెండో ఇన్‌హేలర్ మానలేదని నేను చెప్పేదాన్ని. ఒక ఆదివారం ఫోన్ రాలేదు. గుండె ఆగి నిద్రలోనే పోయారని దుకాణం వాళ్ళు చెప్పారు. అప్పటికి నేను మచిలీపట్నం వచ్చేసి, ఆయనలాగే అద్దెగదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం గది మరీ పెద్దదిగా అనిపిస్తుంది.

ఈమధ్య నాగాయలంక వెళ్ళాను. వెంకటేశ్వరమ్మ దోమలకి కాయిల్ వెలిగిస్తుంటే, పొగ నాకు పడదు పిన్నీ, ఆర్పేయండి అన్నాను. ఒకప్పుడైతే నోరు మూసుకుని దగ్గుతూ కూర్చునేదాన్ని. ఆమె ఆర్పేసి, తలుపులు బార్లా తెరిచి, దేవుడి గూట్లోంచి గిన్నె తీసింది. స్టీలు తళతళలాడుతోంది, రోజూ తోముతున్నట్టుంది. అందులో గుడ్డు పులుసు పోసి నా ముందు పెట్టింది. నాకు రొయ్యలు పడతాయి కదా, ఆ గిన్నె ఎందుకు తీశారు అన్నాను.

"తెలుసు లేమ్మా. అందులో ఎవరో ఒకళ్ళు తింటా ఉండాలి. లేకపోతే అది వట్టి వేరే గిన్నె అయిపోద్ది" అంది.

ఇన్‌హేలర్ తీసి అందరికీ కనపడేలా గిన్నె పక్కన పెట్టుకున్నాను. గోడకి జేరబడి, వీధి వైపు తిరిగి, నింపాదిగా తిన్నాను.