రావికమతం చేరిన రష్యా నక్షత్రం

ఆ రోజుల్లో, అంటే చేతికి సెల్ ఫోన్లు కొత్తగా వచ్చి, అది మోగితేనే మురిసిపోతున్న రోజుల్లో, మా అనకాపల్లి కుర్రాళ్లకి తలకొక పిచ్చి ఉండేది. ఒకడు రింగ్‌టోన్లు పోగేసేవాడు, ఇంకొకడు బైకుకి స్టిక్కర్లు అంటించేవాడు. నాకు పట్టుకున్నది సోవియట్ సైన్యం పతకాల పిచ్చి. అసలువి కాదు లెండి, నకళ్లు. (అసలువి కొనాలంటే మా చర్చి కాంపౌండు మొత్తం అమ్మాలి, అది మాది కాదు.) ఈ పిచ్చికి మూలం నా ఆరో తరగతి లెక్కల నోటుబుక్కు. అప్పట్లో రష్యా నుంచి వచ్చే పత్రికల నున్నటి కాగితాలతో పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్లం. నా అట్ట మీద ఒక ముసలి సైనికుడు ఛాతీ నిండా పతకాలతో నిలబడి, లోపల నాకొచ్చే సున్నాలకి ఏడాదంతా కాపలా కాశాడు. నాకు బళ్లో ఎప్పుడూ ఏ బహుమతీ రాలేదు. పరుగులో రాలేదు, పాటలో రాలేదు, చివరికి గోనెసంచి పందెంలో కూడా రాలేదు. వార్షికోత్సవం నాడు పక్కవాళ్లకి చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు ఎర్రబడేవి. ఎవరో ఒకరు నా చొక్కాకి కూడా ఏదో ఒకటి గుచ్చితే బాగుండునని చాలా ఏళ్లు అనిపించేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు, అప్పుడు ఉండేది.

చదువయ్యాక పరవాడలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్లో జూనియర్ కెమిస్టుగా చేరాను. పరీక్ష చేసి, ఫలితం రాసి, మేం సంతకం పెడితేగానీ ఏ బ్యాచ్ మందూ గేటు దాటదు. ఉద్యోగం వచ్చిందన్న ధైర్యంతో పిచ్చి ముదిరింది. ఓడలో పనిచేసే మా పెదనాన్న కొడుకు నల్లసముద్రం రేవుల్లో దిగినప్పుడల్లా వీధి బజార్లలో అమ్మే నకళ్లు తెచ్చిపెట్టేవాడు. నేను మామూలువి ముట్టేవాణ్ణి కాదు. సేనాపతులకీ, నౌకాదళాల పెద్దలకీ మాత్రమే ఇచ్చిన అరుదైనవే కావాలని నెట్ సెంటర్లో కూర్చుని జాబితాలు రాసి పంపేవాణ్ణి. (నకలే తీసుకునేటప్పుడు అరుదైనదేమిటి, మామూలుదేమిటి అని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.) ఆ జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్నది విక్టరీ ఆర్డర్ అనే నక్షత్రం. ఎర్రటి అయిదు కోణాలు, మధ్యలో తళతళలాడే రాళ్లు, నడుమ నీలం బిళ్ల మీద బంగారు రంగు గోపురం. ప్రపంచం మొత్తం మీద ఇరవై మందికి కూడా ఇవ్వలేదు. నాలుగు నెలలు ఎదురుచూస్తే వచ్చింది.

దాన్ని మొదటిసారి కంపెనీ బస్సులో చూపించాను. మా బాయిలర్ సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, అందరం బాయిలర్ మామ అనేవాళ్లం. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అల్లుడూ, రష్యావోళ్లు నీకెందుకిచ్చేర్రా ఇది?"

"ఇవ్వలేదు మామా, సేకరించాను."

"అంటే కొన్నావన్నమాట."

కొనడం వేరు, సేకరించడం వేరు అని లంకెలపాలెం దగ్గర మొదలుపెట్టి కంపెనీ గేటు దాకా చెప్పాను. మామ నిద్రపోయాడు.

ఇక అసలు సంగతికొస్తాను. మా ఇల్లు చర్చి గోడకి ఆనుకుని ఉండేది. మా అమ్మ స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఏటా ఒక ఆదివారం చుట్టుపక్కల సంఘాల ఆడవాళ్లందరికీ బైబిలు వాక్యాలు కంఠస్థం చేసే పోటీ పెట్టేవారు. చీడికాడ నుంచీ రావికమతం నుంచీ కూడా వచ్చేవారు. చిన్నచిన్న భాగాలు చెప్పినవాళ్లకి స్టీలు గిన్నెలు సిద్ధంగా ఉండేవి. అన్నిటికన్నా పొడుగైన కీర్తన ఒకటుంది, నూట డెబ్భై ఆరు వాక్యాలు, దాన్ని మొత్తం ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు గనక దానికి బహుమతి కొనడం మానేశారు. ఆ ఆదివారం నాకు డ్యూటీ. సాయంత్రం ఇంటికొచ్చి, అలవాటుగా బీరువాలోంచి పెట్టె తీసి చూసుకుంటే, ఊదారంగు మఖమలు మీద నక్షత్రం ఆకారంలో గుంట మాత్రం ఉంది.

"నేనే తీసేను," అంది అమ్మ, వంటింట్లోంచి. "రావికమతం అవతల నుంచి ఓ ముసలావిడ వచ్చిందిరా. కీర్తన మొత్తం చెప్పేసింది. చేతులు ఊరికే ఏదో ఒలుస్తున్నట్టు ఆడిస్తానే ఉంది, నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు. గుడంతా లేచి నిలబడ్డారు. ఆవిణ్ణి ఒట్టి చేతుల్తో ఎలా పంపిస్తాను? పరిగెత్తుకొచ్చి నీ పెట్టె తెరిచేను. గోపురం ఉన్నది అదొక్కటే కనబడింది."

"అమ్మా, అది దేవుణ్ణి నమ్మనివాళ్ల పతకం! ప్రపంచంలో ఇరవై మందికి కూడా లేదు!"

"అయితే ఇంకొకరికి ఇచ్చేం. మంచిదే కదా."

ఆ రాత్రి అన్నం సహించలేదు. నాలుగు నెలల ఎదురుచూపు, జీవితంలో నాదని చెప్పుకోడానికి ఉన్న ఒకే ఒక్క గొప్ప వస్తువు, గిన్నెలు పంచినట్టు పంచేసింది! వారపు సెలవు రాగానే, కొత్త హాట్ బాక్సు ఒకటి కొని, అది ఇచ్చి నక్షత్రం తెచ్చుకుందామని బయల్దేరాను. "ఇచ్చింది తిరిగి అడుగుతావా? సిగ్గు లేదూ?" అని అమ్మ గుమ్మం దాకా వచ్చి మరీ అంది. నాకు లేదు. రావికమతంలో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది.

ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజ తీస్తోంది. పక్కన మేకుకి ఒక గుడ్డసంచి, ఆ సంచికి ఎర్రదారంతో కుట్టిన నా విక్టరీ ఆర్డర్. అనకాపల్లి చర్చి పక్కింటి నుంచి వచ్చానని చెప్పాను.

"అమ్మగోరి కొడుకువా? కూకో బాబూ," అంది. కోడలు మంచినీళ్లు తెచ్చింది. "మా కోడలు పదో తరగతి సదివింది. నాకు అచ్చరం ముక్క రాదు. ఇది ఓ వాక్యం సదవడం, నేను గింజ తీసుకుంటా అదే అనుకోడం. బుట్ట అయ్యేతలికి రెండు వాక్యాలు వచ్చీవి. రెండు సింతపండు కాలాలు పట్టింది." తర్వాత నక్షత్రం వైపు చూపించింది. "ఈ గోపురం ఏ ఊరి గుడిది బాబూ?"

చెప్పడానికే కదా వెళ్లింది. అది గుడిది కాదు, మాస్కో కోటదని చెప్పాను, పెద్ద యుద్ధం సంగతి చెప్పాను, మహామహా సేనాపతులకి తప్ప ఎవరికీ ఇవ్వలేదని చెప్పాను. ఎంత అరుదైనదో తెలిస్తే తనే తీసిచ్చేస్తుందని నా ఎత్తు. ఆవిడ గింజ తీయడం ఆపి విన్నది.

"ఆళ్లు యుద్దం గెలిసేరు. మరి నువ్వేటి గెలిసేవు బాబూ?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. సేకరణ గురించి బస్సులో చెప్పిన ఉపన్యాసం ఇక్కడ చెల్లదనిపించింది.

"ఏమీ లేదు మామ్మా. కొనుక్కున్నాను. ఇది నకలు కూడాను."

"అయ్యో, ఇష్టపడి కొనుక్కున్నావు. అమ్మగోరు తెలవక ఇచ్చేసినట్టున్నారు," అంటూ లేచి, చింతపండు జిగురు అంటకుండా చేతులు శుభ్రంగా కడుక్కుని, సంచి ఒళ్లో పెట్టుకుని ఎర్రదారం విప్పడం మొదలెట్టింది. కోడలు మొహం పక్కకి తిప్పుకుంది. చప్పట్లు కొడుతూ కూర్చున్న రోజుల్లో నా మొహం ఎలా ఉండేదో నాకు తెలుసు. సరిగ్గా అలాగే ఉంది.

"ఆగు మామ్మా!" అన్నాను. "నేను పట్టుకెళ్లడానికి రాలేదు. దీనికి సర్టిఫికెట్ ఉండాలి. పరీక్ష చేసి రాసివ్వడానికి వచ్చాను. అదే నా ఉద్యోగం." (చివరి ముక్క ఒక్కటే నిజం.) "కీర్తన ఇంకోసారి చెప్పు. కోడలు పుస్తకంలో చూస్తుంది."

ఒట్టి చేతులతో తనకి మాట రాదట. చింతపండు బుట్ట దగ్గరికి లాక్కుని, గింజ తీస్తూ చెప్పింది. కోడలి వేలు అక్షరాల మీద నడుస్తూ ఉంది, ఎక్కడా వెనక్కి రాలేదు. ఎంతసేపు పట్టిందో తెలీదు, నేనెక్కాల్సిన బస్సు మాత్రం వెళ్లిపోయింది. చివరి వాక్యం అయింది. జేబులోంచి నోటుబుక్కు తీసి, కంపెనీలో రాసే పద్ధతిలోనే రాశాను. పదార్థం: నక్షత్రం ఒకటి. పరీక్ష: కీర్తన మొత్తం, చూడకుండా. ఫలితం: ఒక్క మాట తేడా లేదు. నిర్ణయం: అసలైనది. కింద సంతకం పెట్టి, కాగితం చింపి ఇచ్చాను. హాట్ బాక్సు కోడలి చేతిలో పెట్టి, "ఇది నువ్వు చదివి వినిపించినందుకు," అన్నాను. ఆ పిల్ల దాన్ని గుండెలకి హత్తుకుని లోపలికి పరిగెత్తింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ నా చేతులకేసి చూసింది. ముసలావిడ కట్టిచ్చిన చింతపండు పొట్లం తప్ప ఏమీ లేదు.

"ఇవ్వనందా?"

"నేనే అడగలేదు."

పొట్లం విప్పి వాసన చూసి, "మంచి పండురా," అని చారు పెట్టడానికి లేచింది.

ఇప్పుడు అదే క్వాలిటీ విభాగంలో నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఇన్నేళ్లలో ఎన్ని వేల కాగితాల మీద సంతకం పెట్టానో లెక్క లేదు. కొన్నిటి గురించి ఆడిటర్లు అడిగితే నీళ్లు నమిలాను కూడా. హాట్ బాక్సు చంకన పెట్టుకుని యుద్ధానికి బయల్దేరిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. అయినా ఆ అరుగు మీద చింతగింజల మధ్య వాడు పెట్టిన సంతకం గురించి ఎవరడిగినా, ఆ కాగితం మీద ఉన్నది నా చేతిరాతేనని ఇవాళ్టికీ ధైర్యంగా చెబుతాను.