చావు మాస్టారు

చావు మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎక్కడ నలుగురు కూర్చున్నా, అక్కడ ఏ మాట నడుస్తున్నా, దాన్ని చెవి పట్టుకుని లాక్కొచ్చి చావు దగ్గర కూర్చోబెట్టేవారు. మనుషుల చావు కాదు. మనుషులకు చావడం చేతకాదని ఆయన గట్టి అభిప్రాయం. పోయేముందు ఇంటిల్లిపాదినీ కంగారుపెడతారు, పోయాక చుట్టాల్ని కొట్టుకునేలా చేస్తారు. ఆయన మెచ్చింది కణాల చావు. మన ఒంట్లో రోజూ కోట్లాది కణాలు వేళ రాగానే తమ దుకాణం తామే కట్టేసుకుని పోతుంటాయి. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచి, అది తెల్లబడి, ఆపైన అసలు లేకుండా పోయేదాకా, ఆయన విశ్వవిద్యాలయంలో ఆ ఒక్కటే చూస్తూ ఆ ఒక్కటే చెబుతూ గడిపారు. జుట్టు పోవడం మీద కూడా ఆయన దగ్గర ఒక ఉపన్యాసం ఉండేది. అడక్కపోయినా దొరికేది.

ఆయన ప్రయోగశాలలో చేరిన కొత్తమ్మాయికి ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు పొద్దున్నే ఆమె తెల్లకోటు బొత్తాలు పెట్టుకుంటూ ఉంటే తలుపు తెరుచుకుంది. బట్టతల, చంకలో గొడుగు, మొహం నిండా ఆశ.

"ఎవరైనా పోయారా?"

కొత్తమ్మాయి లేచి నిలబడింది. "ఎవరండీ?"

"ఎవరైనా సరేనమ్మా."

అవతలి బల్ల దగ్గర సీనియర్ పరిశోధకురాలు, అందరూ అక్కా అని పిలిచే ఆవిడ, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే చెప్పింది. "కిటికీ పక్క ప్లేట్లో సగంమంది పోయారు సార్."

"శుభ్రంగానేనా?"

"చాలా శుభ్రంగా. మూటలు కట్టుకుని మరీ."

"చల్లని మాట చెప్పావు తల్లీ," అని ఆయన గొడుగు తగిలించి, ఈల వేసుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. కొత్తమ్మాయి మళ్ళీ కూర్చుంది గానీ, సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సులు ఎన్నింటికి ఉన్నాయో అక్కని అడిగి తెలుసుకుంది.

నాలుగు రోజులు గడిచాక ఆమెకు ఆ భాష పట్టుబడింది. మాస్టారు దాన్ని అద్దె ఇంటి లెక్కన చెప్పేవారు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు రెండు రకాలు. ఒకడు పోతూ పోతూ కొళాయి విరగ్గొట్టి, గది నిండా నీళ్ళు వదిలి, పక్కింటివాడి గోడ కూడా నానబెట్టి పోతాడు. దెబ్బ తగిలి చచ్చే కణం అలాంటిది. ఉబ్బుతుంది, పగులుతుంది, లోపలిదంతా చుట్టుపక్కల ఒలికి అక్కడ వాపు మొదలవుతుంది. రెండోవాడు మర్యాదస్థుడు, వేళకి తానే పోయే కణం లాంటివాడు. సామాను చిన్నచిన్న ముక్కలు చేస్తాడు, పొట్లాలు కడతాడు, వీటిని తీసేయొచ్చని గుమ్మంలో గుర్తు పెడతాడు. పక్కింటివాళ్ళు వచ్చి ఆ పొట్లాలు తినేసి పోతారు. నిన్న ఇక్కడ ఒకడు ఉండేవాడన్న జాడే ఉండదు.

"అదీ సంస్కారమంటే," అనేవారు మాస్టారు. "మన ఉద్యోగ విరమణ సభలు చూడు. పోయేవాడు రెండు గంటలు మాట్లాడతాడు, పోడు."

"మీ సభ ఎలా చేయమంటారు సార్?" అంది అక్క ఒకసారి.

"చేయొద్దు. మీరు మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి నా కుర్చీ ఖాళీగా ఉండాలి."

"అప్పుడు మీరు టిఫిన్‌కి వెళ్ళారనుకుంటాం సార్."

బయటి ప్రపంచానికి ఈ భాష రాదు, తప్పు ప్రపంచానిది కాదు. ఒకరోజు ఆయన కిక్కిరిసిన బస్సులో ఫోను ఎత్తి గట్టిగా మాట్లాడారు. "అవునవును, నిన్న మధ్యాహ్నం మందు పెట్టాను. పొద్దున్నకల్లా అందరూ పోయారు. లేదు లేదు, ఒక్కడు కూడా మిగల్లేదు. నాకు చాలా సంతోషంగా ఉంది." పక్క సీటాయన మెల్లిగా లేచాడు.

"కూర్చోండి, నేను చివరి స్టాపుదాకా వెళ్ళాలి," అన్నారు మాస్టారు మర్యాదగా.

"నేను ఇక్కడే దిగిపోతానండీ."

"మీరు కూడా చివరిదాకా అన్నారుగా ఇందాక?"

"అప్పుడు అలా అనుకున్నానండీ."

మాస్టారి భార్య పళ్ళ డాక్టరు. మనుషుల నోళ్ళు తెరిపించడం ఆవిడ వృత్తి, ఒక్క నోరు మూయించలేకపోవడం ఆవిడ సంసారం. పరిశోధన చేసే పిల్లలు ఎప్పుడు ఆవిడ క్లినిక్కుకు వెళ్ళినా, వాళ్ళ నోటి నిండా దూది పెట్టి, ఎదురు మాట రాదని నమ్మకం కుదిరాక తన గోడు వెళ్ళబోసుకునేది. కొత్తమ్మాయి పిప్పిపన్ను చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అలాగే రెండు కథలు వినవలసి వచ్చింది.

"మా మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి వెళ్ళాం. నోరు ఇంకొంచెం తెరువు. ఆ పిల్ల అత్తగారు మంచం పక్కనే కూర్చుని, మా వైపు ఇంత నలుపు ఎవరూ లేరమ్మా, ఎవరి పోలికో ఏమో అని సాగదీస్తోంది. ఈయన టక్కున పసిదాని చెయ్యి పట్టుకుని, ఈ వేళ్ళు చూశారా, కడుపులో ఉన్నప్పుడు ఇవి బాతుకాలిలా అతుక్కుని ఉండేవి, మధ్యలో కణాలన్నీ వేళకి చచ్చిపోబట్టి విడివిడిగా వచ్చాయి అని మొదలెట్టారు. పసిగుడ్డు దగ్గర చావు మాటలేంటండీ అని ఆవిడ నెత్తి కొట్టుకుంటే, చావకపోతే ఈ పిల్లకి చెంచా పట్టుకోవడం ఎలా వస్తుందండీ అని ఈయన. అరగంట. నొప్పిగా ఉందా?"

"ఊహూఁ."

"ఇంకోసారి, మా పక్కింటాయన పోయారు. పలకరించడానికి వెళ్ళాం. వాళ్ళ ఆడపడుచు, అందరూ వింటూ ఉండగా, పెద్దాసుపత్రికి ముందే తీసుకెళ్ళి ఉంటే మా అన్నయ్య దక్కేవాడు అంటోంది. ఆ ఇల్లాలు తల వంచుకుని కూర్చుంది. అలాంటి చోట ఈయన గొంతు సవరించుకుని, కప్పపిల్ల తోక సంగతి మీకు తెలుసా అన్నారు. కప్పపిల్ల తోక. నేను ఎక్కడ దాక్కోను చెప్పు? పుక్కిలించు."

కొత్తమ్మాయి పుక్కిలించింది. ఈ మనిషితో ఆవిడ ఇన్నేళ్ళు ఎలా వేగిందా అనుకుంది కూడా.

అయితే ఆ రోజుల్లో కొత్తమ్మాయికి పన్నుకంటే పెద్ద బాధ ఒకటుంది. ఆమె పని క్యాన్సర్ కణాల మీద. క్యాన్సర్ కణమంటే వేళ దాటినా పోనని మొండికేసినది. దాన్ని మళ్ళీ మర్యాదగా చచ్చేలా చేసే మందు ఒకటి ఆమె పరీక్షిస్తోంది. రెండేళ్ళుగా పరీక్షిస్తోంది, తన తర్వాత ఎవరూ చేరక పేరు మాత్రం కొత్తమ్మాయే. మందు పెట్టడం, మర్నాడు లెక్కపెట్టడం, ఎవరూ చావకపోవడం. రోజూ పొద్దున్న మాస్టారు ఆశగా "ఎవరైనా పోయారా?" అనడం, ఆమె "లేదు సార్" అనడం. ఆ ప్రయోగశాలలో చావుకి ఇంత కరువు వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. సమీక్ష సంఘం వచ్చే వారమే కూర్చుంటోంది. పరిశోధన సాగనివ్వాలా, ఆపించి ఇంటికి పంపాలా తేల్చేది వాళ్ళే.

సమీక్ష రెండు రోజులు ఉందనగా ఆమె కణాలు పెంచే ప్లేటు తీసి బల్ల మీద పెట్టేసరికి, అన్నం తిన్నావా అంటూ అమ్మ ఫోను. తిన్నానని అబద్ధం చెప్పి, ఏం కూర అన్న రెండో ప్రశ్నకు తడబడి, ఆ గందరగోళంలో రోజూ చేసే ఒక పని మరిచిపోయి ప్లేటును తిన్నగా మైక్రోస్కోపు కింద పెట్టేసింది. చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ప్లేటు నిండా తేలుతున్నారు. గుండ్రంగా ముడుచుకుని, పొట్లాలు కట్టుకుని, గుంపులు గుంపులుగా.

ఆమె మరిచిపోయిన పని కడగడం. ఇంతకుముందు పనిచేసిన చోట, కణాలను చూసేముందు ప్లేటును శుభ్రంగా కడగాలని నేర్పారు. అక్కడి పనికి అది సరైనదే. ఇక్కడ మాత్రం కొంప ముంచింది. బతికున్న కణం ప్లేటు అడుగును పట్టుకుని ఉంటుంది. చచ్చేది పట్టు వదిలి తేలుతుంది. ఈమె రోజూ తేలినవాళ్ళందర్నీ కడిగి పారబోసి, అడుగున మిగిలినవాళ్ళలో ఎంతమంది చచ్చారా అని లెక్కపెడుతోంది. క్లాసులో ఉన్నవాళ్ళని చూసి, రానివాళ్ళు చేతులెత్తండి అన్నట్టు.

ఆమె లోపలి గది తలుపు కొట్టింది.

"సార్, ఒకసారి రావాలి."

"ఎవరు పోయారు?"

"రెండేళ్ళు పోయాయి సార్."

మాస్టారు వచ్చి మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. ఆమె జరిగింది చెబుతూనే ఉంది, ఆయన చూస్తూనే ఉన్నారు. చివరికి, "అబ్బ, ఎంత చక్కగా పోయారో చూడు," అన్నారు.

"సార్, నేను రెండేళ్ళు వాళ్ళని సింకులో పోశాను."

"విన్నానమ్మా. నువ్వు కడుగుతావని నాకు తట్టలేదు, నేను కడగొద్దని నీకు చెప్పలేదు. సంఘంలో ఉన్నదున్నట్టు చెప్పు. దాచావంటే అది లోపల ఉబ్బుతుంది."

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. సమీక్ష గదిలో పొడుగాటి బల్ల, అటు శాఖ హెడ్డుగారు, ఆయన పక్కన బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు, గోడవారగా మాస్టారు, ఆయన వెనక అక్క. హెడ్డుగారు చెడ్డవాడేం కాదు. దొరికినవాళ్ళని వదలడు, అంతే. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడంటే ఎవరో దొరికారని అర్థం. తీసి పెట్టాడు.

"అయితే ఏమ్మా, రెండేళ్ళు కూర్చుని ప్లేట్లు కడిగావన్నమాట."

ఆమె తన నోటుపుస్తకం మూసింది.

"ఆ పనికి ఇంత చదువెందుకమ్మా? ఇంట్లో ఉంటే అవే గిన్నెలు కడుక్కునేదానివిగా. నాకు ఒక్కదానికి జవాబు చెప్పు. నీకు అసలు..."

"కప్పపిల్ల తోక విషయం తీసుకోండి," అన్నారు మాస్టారు.

హెడ్డుగారు కళ్ళు మూసుకున్నాడు. "మాస్టారూ, ఇప్పుడు కప్పెందుకండీ?"

"కప్ప కాదు, కప్పపిల్ల. దానికి ఒక తోక ఉంటుంది. పెద్దదవుతూ ఉంటే ఆ తోక ఏమవుతుంది? రాలిపోతుందని మీరనుకుంటారు."

"నేనేం అనుకోవడం లేదండీ."

"చాలామంది అనుకుంటారు. రాలదు. చివరినుంచి కణం కణం చచ్చి, లోపలికి కలిసిపోతుంది. ఆ రోజుల్లో దాని నోరు కూడా మారుతూ ఉంటుంది, తిండి సరిగా తినలేదు. కరిగిన తోకే దానికి ఆధారం." ఆయన లేచి గోడమీది బోర్డు దగ్గరికి వెళ్ళి తోక గీయడం మొదలుపెట్టారు. అది బోర్డు ఈ చివరినుంచి ఆ చివరిదాకా వచ్చింది.

"మరి మెదడు సంగతో? అక్కడా పుట్టకముందే బోలెడు కణాలు పోతాయిగా?" అంది పరీక్షకురాలు ఉత్సాహంగా. ఆవిడ కొత్త, పాపం ఎరగదు.

"మంచి ప్రశ్న అడిగారు," అన్నారు మాస్టారు. హెడ్డుగారు ఆవిడవైపు చూసిన చూపుకు ఆవిడ కాగితాలు సర్దుకుంది. మెదడు అయ్యేసరికి భోజనాల వేళయింది. చేతివేళ్ళు అయ్యేసరికి దాటిపోయింది. ఎలకపిల్ల కళ్ళ దగ్గరికి వచ్చేసరికి హెడ్డుగారి కడుపు అందరికీ వినపడేలా మాట్లాడింది.

"మాస్టారూ, మీకేం కావాలండీ?"

"నాకేం కావాలి? వినేవాళ్ళు కావాలి."

"ఈ అమ్మాయికి ఇంకో ఏడాది ఇద్దాం. ఈసారి తేలినవి కూడా లెక్కపెట్టమనండి. ఎవరికైనా అభ్యంతరమా? లేదు. లేవండి." కళ్ళద్దాలు పెట్టుకునే ఓపిక కూడా లేక చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

నడవాలో కొత్తమ్మాయి గోడకు ఆనుకుని నిలబడింది. అక్క మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టింది.

"ఆయన అడ్డం పడకపోయుంటే నా పని అయిపోయేదక్కా. అదృష్టం, సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది ఆయనకి తోక."

"నీ మొహం. నా సమీక్షలో కూడా సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. నాకంటే ముందున్నతనికీ అంతే. ఎవడో ఎవర్నో మూలకి తోసి నిలబెడితే చాలు, ఆయనకి ఎక్కడలేని చావూ గుర్తొస్తుంది. లేకపోతే ఇలాంటి సభల్లో ఎంతసేపైనా గోళ్ళు చూసుకుంటూ కూర్చుంటారు, చూళ్ళేదా?"

కొత్తమ్మాయి నీళ్ళు తాగుతూ ఆగిపోయింది. పసిపిల్ల తల్లి మంచం, పక్కింటి ఇల్లాలి వంచిన తల, ఇవి ఆమె చూసినవి కావు, నోటి నిండా దూదితో విన్నవి. అయినా ఇప్పుడు కనిపించాయి. పళ్ళ డాక్టరుగారు అవి ఎందుకు చెప్పిందో, గోడు చెప్పుకుందో గొప్ప చెప్పుకుందో, నిర్ణయించుకోలేకపోయింది. సీసా అక్క చేతిలో పెట్టి లోపలి గదికి వెళ్ళింది.

మాస్టారు మొహం ముడుచుకుని కూర్చుని ఉన్నారు.

"సార్, మీరు లేకపోతే ఇవాళ నేను..."

"చూశావా, మధ్యలో లేచిపోయారు. కన్ను సగంలో ఉంది. ఎక్కడికెళ్ళినా ఇదే. ఒక్కరూ పూర్తిగా విన్న పాపాన పోలేదు."

"నన్ను కాపాడడానికే కదా సార్ మొదలెట్టారు?"

"ఎవర్ని? దేన్నుంచి?" అన్నారాయన. ఆ మొహంలో నటన ఏమైనా ఉందేమోనని ఆమె వెతికింది. దొరకలేదు. ఉన్నా శుభ్రంగా మూటకట్టి తీసేసినట్టుంది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కన్ను దగ్గరినుంచి చెప్పండి సార్. నేను వింటాను."

"కన్ను నీకు ఒంటపట్టాలంటే తోక మళ్ళీ చెప్పాలి," అంటూ ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. మొహం వెలిగిపోయింది. తోక సగానికి వచ్చేసరికి తలుపు కొంచెం తెరుచుకుంది. హెడ్డుగారు. భోజనం చేసి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఓపిక తెచ్చుకుని వచ్చాడు.

"ఆ అమ్మాయితో ఒక్క మాట. రెండేళ్ళ సామాను ఖర్చు సంగతి..."

"రండి రండి, కూర్చోండి," అన్నారు మాస్టారు ఇంకో కుర్చీ చూపిస్తూ. "తోకలో ఉన్నాం."

హెడ్డుగారు కుర్చీవైపు చూశాడు, మాస్టారివైపు చూశాడు. తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

"పాపం, ఎప్పుడూ ఏదో పనిమీదే ఉంటాడు," అని మాస్టారు జాలిపడి, తోక అందుకున్నారు.