కౌసర్ చెప్పిన తీర్పు

రేపల్లెలో కౌసర్ దగ్గర జాకెట్టు కుట్టించుకోవాలంటే సినిమా కబుర్లు వినక తప్పదు. దుకాణంలో మిషను పక్కనే గోడకు చిన్న టీవీ ఉంది. ఫైటింగు సినిమాలంటే ఆమెకు ప్రాణం. ఆకాశంలో ఎగిరే హీరోలైతే మరీ ఇష్టం. ఊరికే చూసి వదిలేసే రకం కాదు. హీరో చేసింది ఒప్పో తప్పో తేల్చి చెప్పాలి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా కాసేపు కూర్చుని ఆమెతో వాదించి వెళ్లేవారు.

ఈశ్వరమ్మ మాత్రం ఎప్పుడూ వాదించేది కాదు. అరవై ఏళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు. పెనుమూడిలో తమ్ముడి ఇంట్లో ఉంటూ, రోజూ ఆటోలో వచ్చి గుమ్మం పక్కన కూర్చుని హుక్కులూ కాజాలూ కుట్టేది. కౌసర్ ఆమెను అత్తా అని పిలిచేది. తన కూతురు నగ్మాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు దుకాణం తాళాలు ఆమె చేతికే ఇచ్చింది.

ఆ రోజు టీవీలో పెన్‌డ్రైవ్ పెట్టి ఇనప రెక్కల హీరో సినిమా వేసింది కౌసర్. నది మీద వంతెన కూలిపోతోంది. హీరో ఒక చేత్తో తమ్ముణ్ణి, ఇంకో చేత్తో బడిపిల్లను పట్టుకుని గాల్లో ఊగుతున్నాడు. ఒక రెక్క విరిగింది. ఇద్దరినీ మోయలేక తమ్ముడి చెయ్యి వదిలేశాడు.

"వదలకపోతే ముగ్గురూ పోయేవాళ్లు కదక్కా," అంది చీర ఫాల్స్ కోసం వచ్చిన బిందు.

"పోతే పోనీ. ముగ్గురూ పోయినా నేనైతే వదలను," అంది కౌసర్.

ఈశ్వరమ్మ తలెత్తింది. "పట్టు జారిపోయిందేమో, అమ్మాయ్."

"జారలేదత్తా, చూడు." కౌసర్ రిమోటు నొక్కి బొమ్మను వెనక్కి తిప్పింది. తెర మీద హీరో వేళ్లు ఒక్కొక్కటే విడివడ్డాయి. "చూశావా? కావాలనే వదిలాడు. సొంత రక్తాన్ని నీళ్లపాలు చేసొచ్చి, ఆ తర్వాత అన్నం ఎలా తిన్నాడో. అలాంటోళ్లు బతికేం లాభం?"

బిందు సరేలెమ్మని చీర అందించింది. కౌసర్ గెలిచిన సంబరంలో ఉంది. ఈశ్వరమ్మ కళ్లు లాగుతున్నాయంటూ లేచి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. చివరికి ఆమె తమ్ముడు పేరయ్య వచ్చాడు. దుకాణంలో మర్చిపోయిన కళ్లజోడు తెమ్మందట.

"అత్తకి ఒంట్లో బాలేదా, బాబాయ్?" అంది కౌసర్.

"ఒంట్లో ఏం లేదమ్మా. మాట్లాడదు, సరిగ్గా తినదు. ఏటా ఉప్పెన నెలలో ఇట్టాగే అయిపోద్ది. కానీ ఇది ఆ నెల కాదు గదా."

"ఉప్పెనేంటి, బాబాయ్?"

పేరయ్య గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "డెబ్బై ఏడు ఉప్పెనమ్మా. అప్పుడు మేం అడవులదీవి దగ్గరుండేవాళ్లం. అక్కకి పన్నెండేళ్లు. నీళ్లు ఇంటి మీదకొచ్చినప్పుడు నన్ను చంకలో పెట్టుకుని, చెల్లి తాయారు చెయ్యి పట్టుకుంది. కొట్టుకుపోతా ఉంటే తాటిచెట్టు తగిలింది. చెట్టు పట్టుకోవాలంటే ఒక చెయ్యి ఖాళీ కావాలి గదా. ఆవిడ వదలకుండా పట్టుకుంది నన్నేనమ్మా. ఇక్కడెవరన్నా ఆ సంగతి ఎత్తారా?"

"లేదు బాబాయ్," అంది కౌసర్.

అతను కళ్లజోడు తీసుకుని వెళ్లిపోయాడు. కౌసర్ మిషను ముందు కూర్చుంది గానీ కుట్టు సాగలేదు. నోరు జారడం ఒక తప్పు. పెద్దమనిషితో అబద్ధమాడటం ఇంకో తప్పు. ఆ సీను వెనక్కి తిప్పి మరీ చూపించడం గుర్తొచ్చినప్పుడల్లా తన చేతిని తనే చూసుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి పెనుమూడి వెళ్లింది. ఈశ్వరమ్మ వసారాలో చింతపండు పిక్క తీస్తోంది. పేరయ్య గేదెకు గడ్డి వేస్తున్నాడు. అతను వింటుండగానే కౌసర్ జరిగిందంతా చెప్పింది.

"మరి నిన్న అడిగితే లేదన్నావేంటమ్మా?" అన్నాడు పేరయ్య.

"సిగ్గేసింది, బాబాయ్."

అతను మిగిలిన గడ్డి ఎత్తుకుని దొడ్లోకి వెళ్లిపోయాడు.

"నాకు తెలియక అన్నాను, అత్తా."

"తెలిసుంటే పైకి అనేదానివి కాదు. లోపల అనుకునేదానివే. నేనూ అదే అనుకుంటాలే, ఇన్నేళ్లుగా," అంది ఈశ్వరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అదే కౌసర్‌కు భరించరానిదైంది.

"నిజంగా ఆ నీళ్లలో నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలీదు, అత్తా."

ఈశ్వరమ్మ ఆమె వంక చూసింది. "ఆ మాట నిజం," అని, చేటను కొంచెం ఆమె వైపు జరిపింది. ఇద్దరూ కూర్చుని చింతపండు బాగుచేశారు.

నెలన్నర తర్వాత ఈశ్వరమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. ఇప్పుడు దుకాణంలో ఎవరైనా సినిమా వాదన మొదలుపెట్టి "నువ్వేమంటావక్కా?" అంటే కౌసర్ కత్తెర వెతుక్కుంటుంది. జనం లేనప్పుడు ఈశ్వరమ్మ అప్పుడప్పుడూ తాయారు కబుర్లు చెబుతుంది. ఎంత మొండిదో, పెరుగన్నంలో బెల్లం ముక్క లేకపోతే ఎట్లా అలిగేదో. కౌసర్ మిషను ఆపి, తల వంచుకునే వింటుంది.