అల్లుడి నేరం తేల్చుకోడానికి బాబుపేట్ డాక్టరమ్మ దగ్గరికి

చంద్రపూర్‌కు జనం కోటగోడలు చూడటానికో, తాడోబా అడవికి వెళ్లే దారిలోనో వస్తారు. మేం నలుగురం ఒక డాక్టరమ్మ రాసిన వ్యాసం గురించి అడగడానికి వెళ్లాం. తొంభైల నడిమి కాలం అది. రాజురా చుట్టుపక్కల సిమెంటు టిప్పర్లు ఎడ్లబండ్లను రోడ్డు దింపేస్తున్న రోజులు. మల్లయ్య రాజురా దగ్గర పల్లెలో పత్తి రైతు. ఆయన కొడుకు శంకర్‌కు ఇరవై రెండేళ్లు. ఎవరూ లేకపోయినా వాడికి గొంతులు వినిపిస్తాయి. జబ్బు పేరు స్కిజోఫ్రేనియా అని చెప్పి, రెండేళ్లుగా మందులిస్తున్నది ఈ డాక్టరమ్మే. ఆమె నాగపూర్ నుంచి ప్రతి గురువారం వచ్చి, బాబుపేట్‌లో ఒక అద్దె ఇంట్లో రోగులను చూసేవారు. అలా చూసిన రోగుల గురించే, స్కిజోఫ్రేనియాకూ గాంజా, పొగాకు, సారా అలవాట్లకూ ఉన్న లంకె మీద డాక్టర్ల పత్రికలో ఒక వ్యాసం రాశారు. దాని సారాంశం మరాఠీ పేపర్లో వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో వేసింది గాంజా మాట ఒక్కటే.

శంకర్‌కు గాంజా ఇచ్చింది వాడి బావ, అంటే అక్క రాధ మొగుడు తిరుపతి. ఉప్పర్వాహిలో టిప్పర్ డ్రైవర్. పేపరు చదివించుకున్న మల్లయ్య నేరుగా ఉప్పర్వాహి వెళ్లి కూతురు రాధను ఇంటికి తెచ్చేసుకున్నాడు. నా కొడుకును పిచ్చోణ్ని చేసినోని ఇంట్లో నా బిడ్డ ఉండదన్నాడు. తిరుపతి కులపెద్దల ముందు నిలబడి నేరం ఒప్పుకుంటే సంబంధం తెగిపోతుంది. పెద్దలు కూర్చోవడానికి రోజు కూడా పెట్టారు. అప్పుడు రాధ అడ్డం తిరిగింది. రాసినామెనే అడుగుదాం అంది. వాళ్ల కులంలో ఒక పద్ధతి ఉంది. ఇలాంటి తగవులో బయటి మాట ఏదైనా తేవాలంటే, రెండిళ్లకూ చుట్టం కాని మనిషి చెవులతో విని వచ్చి చెప్పాలి. ఆ సాక్షిగా నన్ను పిలిచారు. నేను ఊరూరా బైబిలు వాక్యం చెప్పుకునేవాణ్ని. బడి చదువు తక్కువ, లేఖనాలు సొంతంగా చదువుకున్నాను. గాంజా మీద రాజురా చౌరస్తాలో నేను అరిచినంత గట్టిగా అరిచినవాడు లేడు. కాబట్టి ఆ వ్యాసం నా వైపే మాట్లాడుతుందని అనుకుంటూ మల్లయ్య, రాధ, శంకర్‌లతో బయల్దేరాను.

రాజురా స్టాండులో పొద్దున ఏడింటికి ఎర్ర బస్సు ఎక్కితే చంద్రపూర్ గంట ప్రయాణం. టికెట్టు అప్పట్లో పది రూపాయల లోపే. వర్ధా వంతెన దాటాక బల్లార్‌పూర్, అక్కడ కాసేపు ఆగుతుంది. అక్కడి నుంచి బొగ్గు లారీల వెనక దుమ్ము తింటూ సాగాలి. కిటికీ పక్క సీటు కోసం పోటీ పడకండి, లోపలి సీటే మేలు. బాబుపేట్‌కు స్టాండు నుంచి ఆటో ఉంటుంది గానీ మధ్యలో రైలు గేటు ఉంది. మేం వెళ్లేసరికి అది పడింది. ఆటో నడిపేవాడు బాబుపేట్ తెలుగువాడే. ఇంజను ఆపి కాళ్లు చాపుకున్నాడు.

"ఎంతసేపయితది బాబూ?" అని అడిగాను.

"గీ గేటు సంగతి దేవునికి గూడ ఎరుక లేదు కాకా. పెండ్లికొడుకును దింపి నడిపించిన నేను, పోయిన ఎండకాలం. జల్ది ఉంటే మీరు గూడ దిగుండ్రి."

దిగి నడిచాం. డాక్టరమ్మ ఇల్లు గేటు దాటాక ఐదు నిమిషాలే. ఎదురుగా పాన్ డబ్బా కొట్లో ఒకతను వక్కలు, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి చెక్క మీద రుద్దుతున్నాడు. చంద్రపూర్ అంతా నమిలే ఖర్రా అది. శంకర్ అటే నడిచాడు. నేను ఊరుకోలేక అక్కడే మొదలుపెట్టాను. దేహం దేవాలయమని, దాన్ని మురికి చేసేవాడికి లెక్క అడుగుతారని. డబ్బా దగ్గరున్న నలుగురూ నమలడం ఆపి విన్నారు. నేను ఊపిరి తీసుకోగానే మళ్లీ నమిలారు.

"గోళీలు మింగితే నోరు ఎండిపోతది, పాస్టర్ సాబ్," అన్నాడు శంకర్ మెల్లగా. "గిది ఉంటే జెర తడిగుంటది. మీరు మాట్లాడితే మీ నోరు గూడ ఎండుతది గదా. మీరు నీళ్లు తాగుతరు."

రాధ నవ్వు ఆపుకుంది. నేను నిజంగానే నీళ్లు తాగాను.

పదిన్నరకు మమ్మల్ని పిలిచారు. డాక్టరమ్మకు యాభై దాటి ఉంటాయి. ఆమె మాట్లాడింది హిందీలో, నేను తెలుగులో రాస్తున్నాను. మల్లయ్య కుర్చీలో కూర్చోకుండానే పేపరు ముక్క బల్ల మీద పెట్టాడు.

"బాయీ, గిది మీరు రాసిందే. మా అల్లుడు గాంజ తాగించిండు, పోరడు ఖరాబైండు. అవునా కాదా, ఒక్క మాట చెప్పుండ్రి. గీ సాబ్ సాక్షి."

ఆమె పేపరు చదివి పక్కన పెట్టారు. "కాకా, నేను రాసింది చాలామంది రోగుల గురించి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో మత్తు అలవాటు మిగతావాళ్ల కంటే ఎక్కువ. గాంజా తాగేవాళ్లకు ఈ జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ. వచ్చాక తాగితే ముదురుతుంది. కొందరిలో మాత్రం జబ్బే ముందు మొదలవుతుంది, దాన్ని తట్టుకోలేక మత్తు వెతుక్కుంటారు. గుంపు గురించి ఇంతవరకు చెప్పగలను. మీ శంకర్ ఒక్కడి గురించి ఆ వ్యాసం ఏమీ చెప్పదు."

నాకిది నచ్చలేదు. "అమ్మా, విషం తాగినవాడు పోతే విషమే చంపిందంటాం. ఇందులో గుంపు ఏముంది?"

"విషమైతే తాగిన ప్రతివాడూ పోవాలి. వీళ్ల అల్లుడూ తాగాడు కదా. ఆయన టిప్పర్ నడుపుతున్నాడు. గాంజా ముట్టకుండానే ఈ జబ్బు వచ్చినవాళ్లు బయట బల్ల మీద ఇద్దరున్నారు. అలాగని గాంజాను నేను వెనకేసుకు రావడం లేదు. శంకర్ మళ్లీ ముట్టకూడదు. మీరు దాని మీద అరవండి, నాకు సంతోషమే."

"మరి పెద్దల ముందు నేనేం చెప్పాలి?"

"డాక్టర్‌కు తెలియదట అని చెప్పండి. ఒక్కో మనిషి విషయంలో ఏది ముందో దీన్నిబట్టి తేల్చలేమని వ్యాసం చివర నేనే రాశాను. పేపరువాళ్లు అది వేయలేదు." తర్వాత ఆమె శంకర్ వైపు తిరిగారు. "గొంతులు మొదట ఎప్పుడు విన్నావు? నా దగ్గరికి వచ్చినప్పుడు కాదు, అంతకు ముందు. మొట్టమొదట."

శంకర్ తండ్రి వైపు చూశాడు. మల్లయ్య పేపరు వైపు చూస్తున్నాడు.

"పదో తరగతి పరీక్షలప్పుడు," అన్నాడు. "చేన్ల అడివిపందులు రాకుంట కావలి పండుకున్న. నా పేరు పెట్టి పిలుస్తుండ్రు. లేచి చూస్తే ఎవ్వలు లేరు."

"అప్పటికి గాంజా తాగావా?"

"లేదు. అక్క లగ్గమే కాలె అప్పటికి. బావను తర్వాత నేనే అడిగిన. తాగితే గాళ్లు ఊకుంటరేమో అనుకున్న. ఒక్కపారి ఊకున్నరు. మల్ల ఇంకింత మొత్తుకున్నరు."

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు మల్లయ్య.

"చెప్పిన బాపు. పందులకు భయపడుతున్ననని కొత్త టార్చి కొనిచ్చినవ్."

డాక్టరమ్మ శంకర్ చెప్పింది రాసుకున్నారు. "ఇది వాడికి గుర్తున్న సంగతి," అన్నారు మల్లయ్యతో. "దీన్ని పట్టుకుని అల్లుడి తప్పేమీ లేదని నేను రాసివ్వను. అడిగినా ఆయన ఇవ్వకుండా ఉండాల్సింది. కానీ కొడుకు ఎప్పటి నుంచి నలుగుతున్నాడో మీరు ఇవాళ విన్నారు." నోరు ఎండకుండా మందు కాస్త మార్చారు. ఖర్రా మానమన్నారు, నా అంత గట్టిగా కాదు.

అప్పట్లో ఇటు వెళ్లేవాళ్లకు మధ్యాహ్నం భోజనానికి వెతుక్కునే పని ఉండేది కాదు. బస్టాండు దగ్గర ఝుణకా భాకర్ కేంద్రం ఉండేది, రూపాయికి జొన్నరొట్టె, పైన శనగపిండి కూర. వడ్డించే ఆమె అడగకుండానే పచ్చిమిరప వేసింది. మల్లయ్య రొట్టె ముట్టలేదు.

"మీ పుస్తకం ఏమంటది, పాస్టర్ సాబ్?" అన్నాడు.

సంచిలోంచి గ్రంథం తీశాను. పుట్టుగుడ్డివాణ్ని చూపించి ఇది ఎవరి పాపమని అడిగిన ఘట్టం ఉంది. వాడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నది జవాబు. ఆ సంగతి చెప్పాను.

"గింత మంచి మాట నిన్నటిదాకా యాడ దాచినవ్? చౌరస్తాల ఒక్కనాడు చెప్పకపోతివి."

"నిన్నటిదాకా ఎవరూ అడగలేదు, మల్లన్నా."

"మీరిద్దరు పంచాయితి తర్వాత పెట్టుకోండ్రి," అంది రాధ. "బాపు, రొట్టె సల్లారితే తోలుచెప్పు లెక్క అయితది."

మల్లయ్య రొట్టె తుంచాడు.

మూడింటి బస్సు ఎక్కి వచ్చి రాజురాలో దిగాం. పక్క ప్లాట్‌ఫారం మీద గడ్‌చాందూర్ బస్సు నిలబడి ఉంది. ఉప్పర్వాహి అటే. మల్లయ్య దాని బోర్డు చదివినట్టు నటించాడు. "పెద్దలకేం చెప్తరు?" అని నన్నడిగాడు.

"డాక్టరమ్మకు తెలియదని చెబుతాను. శంకర్ చెప్పింది వాడే చెప్పుకోవాలి."

"తెల్వదని చెప్పనీకి పదిమంది పెద్దలెందుకు, చాయ్ ఖర్చు." కూతురి వైపు తిరిగాడు. "ఎక్కు."

రాధ కదల్లేదు. "నా బట్టలు?"

"రేపు తెస్త."

"నువ్వు తెస్తవా బాపు? ఉప్పర్వాహికి?"

"తెస్త. గని వానితోని మాట్లాడ. చాయ్ పోస్తే తాగుత."

"నేను గూడ వస్త," అన్నాడు శంకర్. "బావ నన్ను జూస్తే మొకం తిప్పుకుంటుండు. నేను మాట్లాడుత."

కండక్టరు బెల్లు కొట్టాడు. రాధ ఎక్కింది. బస్సు మలుపు తిరిగేదాకా మల్లయ్య అక్కడే ఉన్నాడు. తర్వాత శంకర్‌ను అడిగాడు, ఆ గొంతులు ఇప్పుడు కూడా పేరు పెట్టే పిలుస్తున్నాయా అని. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను నా దారిన వచ్చేశాను.

మల్లయ్య అక్కర్లేదన్నా, సాక్షిగా ఒప్పుకున్నాను కాబట్టి పెద్దల దగ్గరికి నేను వెళ్లి విన్నది చెప్పాను. ఇద్దరు ముగ్గురికి అది జవాబులాగే అనిపించలేదు. గాంజా మీద నా గొంతు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గదు. ఆ వ్యాసం మాట ఎత్తినప్పుడు మాత్రం దాని చివర ఉన్నదీ చెబుతాను. చెప్పగానే జనంలో వేడి తగ్గిపోవడం కనిపిస్తుంది. ఎవరో ఒకరి పేరు వినాలని వచ్చినవాళ్లు వెనక్కి తిరుగుతారు. వెళ్లకుండా నిలబడేది సాధారణంగా ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్లే. నేను వాళ్ల కోసమే మాట్లాడటం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది.

మీ ఇంటి మనిషిని ఇలా చూపించడానికి తీసుకెళ్తుంటే ఒకటి చెబుతాను. డాక్టర్‌ను అడగాల్సినవి పోగేసుకునే ముందు, ఇది మొదట ఎప్పుడు, ఎలా మొదలైందో ఆ మనిషినే అడగండి. నడుమ అందుకోకుండా వినండి. రాజురా నుంచి చంద్రపూర్‌కు గంట పడుతుంది, ఆ గంట దానికి సరిపోతుంది.