మూడు ముక్కల్లో బాయిలర్

అద్దకం మిల్లులో బాయిలర్ నడిపే పెద్దాయనకు చాటభారతం అని పేరు పెట్టిందెవరో గానీ, సరిగ్గా పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగేవాడు, ఎక్కేవాడికి బాయిలర్ సంగతులు చెప్పి వెళ్లాలి. నీళ్లెంతున్నాయని అడిగితే ఈయన ఆ బాయిలర్ లారీ దిగిన రోజు దగ్గర మొదలుపెడతాడు. పంక్చరైన టైరు, డ్రైవర్ పంటినొప్పి అన్నీ దాటుకుని నీళ్ల దగ్గరికి వచ్చేసరికి అరగంట. ఎక్కేవాడు సొంత అల్లుడే. పిల్లనిచ్చిన మామ ముందు నోరెత్తలేక, గోడగడియారం వంక చూస్తూ నిలబడేవాడు.

కొత్త మేనేజర్‌కు ఆ మొహమాటం లేదు. ఒకరోజు అందరిముందూ అడిగేశాడు. "రామాయణమంతా కట్టె, కొట్టె, తెచ్చె అని మూడు ముక్కల్లో చెప్పారయ్యా. నీ బాయిలర్ అంతకంటే పెద్దదా?"

అందరూ నవ్వారు. అల్లుడూ నవ్వాడు. పెద్దాయనకు గుచ్చుకున్నది ఆ నవ్వే.

మర్నాడు రెండింటికి, "నీళ్లున్నాయి. మండుతోంది. వస్తా," అని డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు ఆ పొద్దుట్నుంచే ఆరు దగ్గర పట్టేస్తోంది. వేలితో తడితే గానీ కదలడం లేదు. లోపల పది దాటినా పైకి ఆరే చూపిస్తుంది. ఆరే కదా అని అల్లుడు మంట పెంచుతాడు. రోషంలో అసలు మాటే మింగేసి వచ్చాడు. ఫోన్ చేద్దామంటే బాయిలర్ గదిలోకి ఫోన్లు తేనివ్వరు. తడి కాళ్లతోనే పరుగెత్తాడు. దారి పొడవునా కూతురి మొహమే కనిపించింది.

తలుపు తోసేసరికి అల్లుడు మంట తగ్గించి, ముల్లును వేలితో తడుతున్నాడు.

"ముల్లు సంగతి... నీకెవరు చెప్పారు?" అన్నాడు రొప్పుతూ.

"ఎవరూ చెప్పలేదు మామయ్యా. మీరు మూడు ముక్కల్లో ముగించారంటేనే ఏదో కొంప మునిగిందని భయమేసింది. బోల్టు బోల్టూ తట్టి చూసుకుంటూ వచ్చా."

పెద్దాయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అల్లుడు ముల్లు మీద ఒక కన్ను వేసి, ఆయన పక్కకి స్టూలు లాక్కున్నాడు.

"ఇప్పుడు చెప్పండి. మొదట్నుంచి."

"అసలు ఇది లారీ దిగిన రోజున..." అని అందుకున్నాడు పెద్దాయన.

డ్రైవర్‌కు నొప్పి ఏ పక్క పంటిలో అని అల్లుడే అడిగాడు.