నాన్న భాష, మామయ్య లెక్క, కంప్యూటరు తిక్క

ఆ రోజుల్లో నరసరావుపేటలో కంప్యూటరును కళ్లారా చూసినవాళ్లకంటే దాని గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లే ఎక్కువ. మా ఇంట్లోనే ఇద్దరుండేవారు: తెలుగు పండితుడైన నాన్న, హైస్కూల్లో లెక్కలు చెప్పే మామయ్య. డిగ్రీ అయ్యాక నేను బజారులో కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్లో చేరతాననేసరికి ఇద్దరికీ తగువు మొదలైంది. "అది లెక్కల మిషను బావా. ఈ పిల్లకి లెక్కల్లో అత్తెసరు మార్కులు. చేరి ఏం చేసిద్ది?" అన్నాడు మామయ్య. "ప్రోగ్రామింగ్ లాంగ్వేజీ అంటున్నారు గదరా. లాంగ్వేజీ అంటే భాషేగా. వ్యాకరణం వస్తే చాలు," అన్నారు నాన్న. (నాకు వ్యాకరణమూ రాదన్న సంగతి పాపం ప్రేమకొద్దీ మరిచిపోయారు.) అమ్మ విసిగిపోయి, "ఇద్దరూ పోయి చూసి రండి. అదేందో తేలాకే దీన్ని చేర్పించేది," అంది.

సెంటర్లో మా ముగ్గురి చేతా చెప్పులు బయట విప్పించి, ఏసీ గదిలో కూర్చోబెట్టారు. పాఠం చెప్పే కుర్రాడు బోర్డు మీద 'ఎక్స్ ఈక్వల్టు ఎక్స్ ప్లస్ వన్' అని రాశాడు. మామయ్య లేచి నిలబడ్డాడు.

"రెండు పక్కలా ఎక్స్ కొట్టేస్తే సున్నా ఒకటితో సమానమవుద్ది. మా స్కూల్లో ఇట్టా రాస్తే గోడకుర్చీ వేయిస్తా."

"సమానమని కాదు మాస్టారూ. ఎక్స్ అనే డబ్బాలో ఉన్నదానికి ఒకటి కలిపి, మళ్లీ అందులోనే పెట్టమని."

"సమానం కానప్పుడు ఆ గుర్తెందుకు పెట్టావయ్యా?"

నాన్న లోలోపల నవ్వుకుంటూ కీబోర్డు ముందు కూర్చున్నారు. తెర మీద తన పేరు చూసుకుందామని 'ప్రింట్' కొడితే అందులో ఒక అక్షరం జారిపోయింది. సింటాక్స్ ఎర్రర్, అంటే వ్యాకరణ దోషం, అంది తెర. "ఒక అక్షరం పోతే ఏంది? భావం తెలుస్తానే ఉందిగా," అని కంప్యూటరునే అడిగారు. మళ్లీ కొట్టారు, మళ్లీ అదే. "దీనికి రసజ్ఞత లేదు," అని లేచిపోయారు.

ఇక నా వంతు. ఏ మాట కొడితే ఏం చేస్తుందో నాలుగు ముక్కలు చెప్పి, ఒకటి నుంచి పది దాకా అంకెలు వేయించమన్నాడా కుర్రాడు. నాకు ఎక్కాలూ గుర్తు రాలేదు, సంధులూ గుర్తు రాలేదు. డబ్బాలో ఇప్పుడేముంది, తర్వాత ఏముంటుంది అని మనసులోనే ఒక్కో మెట్టూ దిగుతూ పోయి, ప్రోగ్రాం రాసి నడిపించాను. అంకెలు పది దాటాయి, వంద దాటాయి, వేలల్లోకి పరుగెత్తాయి. ఆ చల్లటి గదిలో నాకు చెమటలు పట్టాయి.

"ఎక్కడ ఆగాలో చెప్పలేదు గదే నువ్వు," అన్నాడు వెనకనుంచి మామయ్య.

"అవునమ్మా, చెప్పకపోతే దానికెట్టా తెలుసుద్ది?" అన్నారు నాన్న.

జీవితంలో మొదటిసారి ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు, అదీ కంప్యూటరు తరఫున. ఆ కుర్రాడి చేత దాన్ని ఆపించి, ఎక్కడ ఆగాలో చెబుతూ ఇంకో వరస కలిపాను. ఈసారి పది దగ్గర బుద్ధిగా ఆగింది.

ఇంటికి రాగానే "ఏం తేలింది?" అని అడిగింది అమ్మ. "లెక్క కాదక్కా," అన్నాడు మామయ్య. "భాషా కాదు," అన్నారు నాన్న. "మరేంది?" అంటే ఇద్దరూ నావైపు చూశారు. "చేరితే తెలుసుద్ది," అన్నాను. చేర్పించారు.

ప్రోగ్రాం చదివేటప్పుడు మెదడులో ముఖ్యంగా పనిచేసేది భాషకు సంబంధించిన చోటు కాదనీ, అలాగని అది అచ్చం లెక్క చేయడమూ కాదనీ, చిక్కుముళ్లు విప్పే చోటేదో వేరే ఉందనీ ఈ మధ్య ఎక్కడో చదివాను. చెబుదామంటే ఇద్దరూ లేరు. ఉన్నా ఒప్పుకునేవారు కాదులెండి. ఆ శాస్త్రజ్ఞులకు లెక్కలు రావని ఒకరూ, వ్యాకరణం రాదని ఒకరూ మళ్లీ మొదలుపెట్టేవారు. తల నెరిసిన నేను మధ్యలో కూర్చుని, ఇద్దరికీ 'ఊ' కొడుతూ ఉండేదాన్ని.