నాలుగో చక్రం మీద సుద్దగీతలు

మా ఆవిడకి రెండు ఉద్యోగాలు. మొదటిది ఆసుపత్రిలో. ఆపరేషన్ సామాన్లు కడిగి, ట్రేలలో సర్ది, మూటలు కట్టి, క్రిములు చావడానికి ఆవిరి పెట్టెలో పెట్టే గదిలో పని. రెండోది మా ఇంటి కింద షెడ్డులో. అక్కడ ఒక చిన్న ఎర్ర కారు ఉంటుంది. చూడ్డానికి బుడంకాయంత ఉంటుంది గానీ కాలు కాస్త ఆనిస్తే చాలు, ముందున్న పెద్ద బళ్ళన్నీ పక్కకి తప్పుకోవాల్సిందే. ఎవరో వాడి పారేసిన దాన్ని మా ఆవిడ కొనుక్కొచ్చింది. ఆ రోజు నుంచీ దాని మీద ఏ మెకానిక్కు చెయ్యీ పడలేదు. ఆయిలు మార్చడం దగ్గర నుంచి బ్రేకు పళ్ళాలు పెద్దవి బిగించడం దాకా అంతా ఆవిడే. నేను కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునే మనిషిని. కారు గురించి నాకు తెలిసిందల్లా తాళం ఎటు తిప్పాలో అంతే. అదీ ఆవిడ సరేనంటేనే.

ఆవిడ పని పద్ధతి గురించి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆసుపత్రిలో మూట మీద ఒక టేపు అతికిస్తారు. ఆవిరి సరిగ్గా తగిలితేనే ఆ టేపు మీద నల్ల చారలు తేలతాయి. చారలు కనిపిస్తే డాక్టరు ఇంకేమీ అడగడు, మూట విప్పి పని మొదలుపెడతాడు. కనిపించకపోతే ఎంత తొందరలో ఉన్నా ముట్టుకోడు. ఆ అలవాటే ఆవిడ ఇంటికీ తెచ్చింది. చక్రం విప్పి మళ్ళీ పెట్టినప్పుడు ముందు నట్లు మామూలు పానాతో పట్టిస్తుంది. జాకీ దించాక పొడుగాటి పానా ఒకటి తీస్తుంది. కావలసినంత బిగువు రాగానే అది టక్కుమంటుంది. అన్నీ టక్కుమన్నాక, ఒక్కో నట్టు మీంచి చక్రం మీదకి సుద్దతో ఒక గీత గీస్తుంది. నట్టు ఏమాత్రం కదిలినా గీత రెండు ముక్కలైపోతుంది. కారు తీసే ముందు నేను చుట్టూ ఒకసారి తిరిగి గీతలు చూసుకోవాలి. గీత ఉంటే బయల్దేరవచ్చు, లేకపోతే తాళం మేకుకి తగిలించేసి లోపలికి పోవాలి. ఇది మా ఇద్దరి మధ్య చట్టం.

ఆ సుద్ద మా అమ్మది. అమ్మ బతుకంతా కుట్టుమిషను మీద గడిచింది. బడిపిల్లల దుస్తులు, నర్సుల కోట్లు, డ్రైవర్ల చొక్కాలు ఎన్ని కుట్టిందో లెక్కలేదు. ఇప్పుడు నడుం సహకరించక మానేసింది గానీ చూపులో ఆ పనితనం పోలేదు. నలుగురిలో ఎవరి చొక్కాకైనా గుండీ ఒకటి తక్కువైతే అమ్మకి అన్నం సయించదు. తన సుద్ద కారు చక్రాలకి పూస్తున్నారని తెలిసినప్పుడు, అదెందుకో కూడా అడక్కుండా రెండు రోజుల పాటు కోడలితో మాట్లాడలేదు.

అమ్మకి ఆ కారంటే పడేది కాదు. అందులో ఎప్పుడూ ఎక్కలేదు. "నన్ను ఆ డబ్బాలో ఆసుపత్రికి తీసుకెళ్తే, దిగాక అక్కడే మంచం ఇచ్చేస్తారు" అనేది. కారు బిర్రుగా ఉండి కుదుపుతుందన్న మాట నిజమే, రోడ్డు మీద చిన్న రాయి తగిలినా వెన్నులో తెలుస్తుంది. కానీ అమ్మ అసలు బాధ అది కాదు. ఆడకూతురు ఇంట్లో విప్పి బిగించిన బండిని నమ్ముకుని కొడుకు రోడ్డెక్కడం. ఒకరోజు భోజనాల దగ్గర ఈ గొడవ ముదిరింది. మా ఆవిడ కంచం ముందు చెయ్యి ఆపి అంది: "నా చేతి పని వల్ల ఈ బండి ఒక్కసారి రోడ్డు మీద ఆగిపోయినా సరే, నేనే అమ్మేస్తాను అత్తయ్యా. మళ్ళీ పానా పట్టను."

"మాట మీద ఉంటావా?" అంది అమ్మ.

"ఉంటాను."

మధ్యలో నేను తలవంచుకుని అన్నం కలుపుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత మా ఆవిడ ఏం చేసిందో చూడండి, అదీ ఆవిడ తత్వం. కొత్త షాక్ అబ్జార్బర్లు తెప్పించింది. పైనున్న మీట తిప్పితే బిగువు పెరుగుతుంది, ఇంకోవైపు తిప్పితే మెత్తబడుతుంది. "మెత్తగా పెట్టేస్తే మీ అమ్మగారి నడుముకి ఏమీ కాదు. ఎక్కుతారేమో అడగండి" అంది నాతో. తను అడగదు. నేను అడిగాను. అమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుని, "కంటి డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్ళాలిగా" అంది. అది ఒప్పుకోవడమే.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే, కొత్త షాక్ అబ్జార్బర్లు బిగించడానికి మా ఆవిడ నాలుగు చక్రాలూ విప్పింది. నేను దుకాణానికి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందట, ఆపరేషన్లు వరసగా పడ్డాయట, వ్యాను వస్తే ఎక్కి వెళ్ళిపోయింది. పనిముట్లు తొందరలో కారు డిక్కీలో పడేసి ఉన్నాయి, కారు నేల మీద నిలబడి ఉంది. అమ్మ అప్పటికే తయారై చేతిసంచీతో గుమ్మంలో కూర్చుని ఉంది. నేను చట్టం ప్రకారం కారు చుట్టూ తిరిగాను. ముందు రెండు చక్రాలకీ గీతలున్నాయి. వెనక కుడివైపు ఉన్నాయి. ఎడమవైపు గోడకి ఆనుకుని చీకటిగా ఉంటే ఫోను లైటు వేసి మరీ వంగి చూశాను. ఉన్నాయి. తాళం తీసుకున్నాను.

బయల్దేరిన కాసేపటికే అమ్మ మొహంలో ఆశ్చర్యం. "ఇదేంట్రా, మిషను కింద పరుపు వేసినట్టుంది" అంది. కోడలిని మెచ్చుకోవడం అమ్మకి అంతకంటే చేతకాదు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఈ మాట మా ఆవిడకి ఎలా చెప్పాలా అని లోపల్లోపల సానబెట్టుకుంటూ రైలు పట్టాల మీది పెద్ద వంతెన ఎక్కాను.

వంతెన మీద సగం దూరంలో మొదలైంది. వెనక ఎక్కడో టక్, టక్ అని. ముందు డిక్కీలో పానా దొర్లుతోందనుకున్నాను. చప్పుడు కారు వేగాన్ని బట్టి మారుతోంది. కొంచెం నెమ్మదిస్తే నెమ్మదిస్తోంది. తర్వాత వెనక భాగం పక్కకి ఊగింది, ఎవరో తోక పట్టుకుని లాగినట్టు. 

"ఏంట్రా అది?"

"కొత్త సామాన్లు కదా, సర్దుకుంటున్నాయేమో. చక్రాలు మాత్రం కాదు. గీతలు చూసే బయల్దేరాను."

"ఆఁ, గీతలకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి" అంది అమ్మ. "అమ్మాయి మూడింటికి గీసి నాలుగోది వదిలేసి పోయింది. తొందరలో మర్చిపోయినట్టుంది. చూడ్డానికి బోసిగా ఉంటేనూ, నేనే వంగి గీశాను. ఆ గోడ పక్కన దూరేసరికి నడుం పడిపోయిందనుకో."

నా పైప్రాణాలు పైనే పోయాయి.

మర్చిపోవడం కాదు. బిగించలేదు. పానా టక్కుమనక ముందే ఫోనొచ్చింది, అందుకని గీత గీయలేదు. గీత లేని ఆ చక్రమే నన్ను ఆపుతుందని వదిలేసి వెళ్ళింది. పైపైన పట్టించిన నట్ల మీద మా అమ్మని కూర్చోబెట్టుకుని వంతెన మీద పోతున్నాను.

బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం ఊడి ముందుకొస్తుందని భయం. తొక్కకపోతే ముందు దిగుడు. వెనక లారీ ఒకటి హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. పక్కకి ఆపుదామంటే రెయిలింగు తప్ప చోటు లేదు. కాలు పూర్తిగా తీసేసి, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, నాలుగు ఇండికేటర్లూ వేశాను. టక్ టక్ కాస్తా దడదడ అయింది. ఏదో లోహపు ముక్క రోడ్డు మీద పడి గెంతుతూ పోయిన శబ్దం వినిపించింది. అమ్మ నా మోకాలు పట్టుకుంది. ఏమీ అడగలేదు. అడిగుంటే అరిచేవాణ్ణేమో. దిగుడులో కారు తనంతట తానే వేగం అందుకుంటుంటే చేతి బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, వదులుతూ, వంతెన చివర మూసేసిన దుకాణం ముందు ఖాళీలోకి తిప్పాను. ఆగింది. ఆగాక కూడా నా చేతులు స్టీరింగు వదల్లేదు.

దిగి చూశాను. ఒక నట్టు లేనే లేదు. మిగతావి బోల్టుల చివర వేలాడుతున్నాయి. ప్రతి గీతా రెండు ముక్కలైంది.

మా ఆవిడకి ఫోన్ చేశాను. "రైలు వంతెన చివర ఆగాం. ఎడమ వెనక చక్రం నట్లు వదులైపోయాయి. మేం బాగానే ఉన్నాం" అన్నాను.

"కారెందుకు తీశారు? ఆ చక్రానికి గీత లేదుగా!"

"గీత ఉంది."

 అవతల వినిపించిన గొంతు నాకు కొత్త. "ఉందా? నేను బిగించకుండా గీశానా? గీసినట్టు గుర్తే లేదు నాకు. అయితే ఇందాక నేను పంపిన మూటలు... అవి కూడా అలాగే... ఆగండి, వాటిని ఆపించాలి. మీరు దేన్నీ ముట్టుకోకండి, వస్తున్నాను."

"కాదే, విను" అనేలోపు పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

అమ్మ కారు దిగి నా పక్కన నిలబడి అంతా వింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, ఆ గీతకి అర్థం ఏంటో, అది లేకపోవడానికి అర్థం ఏంటో. అమ్మ మొహం పాలిపోయింది. మెల్లిగా, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది: "దానికి చెప్పకురా."

"ఏంటీ?"

"మర్చిపోయిందనే అనుకోనీ. మనిషన్నాక మర్చిపోరా? నేను గీశానంటే ఇక నన్ను ఇంట్లో దేన్నీ ముట్టుకోనివ్వదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. "అక్కడ అది తన చేతుల్నే నమ్మలేక మూటలన్నీ వెనక్కి తెప్పిస్తోంది. రేపు కారూ అమ్మేస్తుంది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అమ్మ వెళ్ళి మూసిన దుకాణం మెట్టు మీద కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, వచ్చే పోయే బళ్ళని చూస్తూ ఉండిపోయింది. 

ఆసుపత్రి వ్యానులో దిగింది మా ఆవిడ. నుదుటి మీద టోపీ నొక్కిన గీత ఇంకా పోలేదు. ముందు అమ్మ దగ్గరికెళ్ళి భుజాలూ చేతులూ తడిమి చూసింది. తర్వాత నన్ను చూసింది. కారు వైపు మాత్రం చూడలేదు.

"మాట మాటే అత్తయ్యా" అంది. "నా పని వల్ల రోడ్డు మీద ఆగింది. అమ్మేస్తాను."

నేను నోరు తెరిచాను. అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నీ పని వల్ల ఆగలేదు. ఆ గీతలు నీవి కావు. నాలుగోది బోసిగా ఉందని నేను గీశాను."

మా ఆవిడ వెళ్ళి చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తను గీసేవి తిన్నటి గీతలు. వీటి చివర మాత్రం గుండీ కుట్టే చోట దర్జీలు పెట్టే చిన్న అడ్డగీత ఉంది. దాన్ని వేలితో తడిమింది. ఫోను తీసి ఆసుపత్రికి చేసి, "మూటలు బాగానే ఉన్నాయి, వాడుకోండి, పొరపాటు నాది కాదు" అని చెప్పింది.  ఫోను పెట్టేసి గిరుక్కున తిరిగింది.

"మీకేమన్నా అయ్యుంటే? ఈయనకేమన్నా అయ్యుంటే? అడగొచ్చు కదా అత్తయ్యా! ఎందుకు గీయలేదే అని ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?"

"నాకోసం ఇంత చేశావు. నీ పనిలో చిన్న లోటు కనిపిస్తే నేను పూడ్చాననుకున్నా" అంది అమ్మ. అంటూ ఏడ్చేసింది. మా నాన్న పోయినప్పుడు తప్ప అమ్మ నలుగురిలో ఏడవడం నేను చూడలేదు.

మా ఆవిడ కోపం వెంటనే చల్లారలేదు. ఎవరి వైపూ చూడకుండా జాకీ ఎత్తింది. బోల్టుల మరలు చెడ్డాయేమోనని ఒక్కొక్కటీ చూసింది. చెడలేదు. పోయిన నట్టుకి బదులు డబ్బాలోంచి ఇంకోటి తీసి పెట్టింది. అన్నీ మామూలు పానాతో పట్టించి, జాకీ దించి, పాత గీతలు గుడ్డతో తుడిచేసింది. తర్వాత పొడుగాటి పానా తెచ్చి అమ్మ ముందు పట్టుకుంది.

"లేవండి."

"నేనా? నా నడుం..."

"నేను పట్టుకుంటాను, లేవండి."

అమ్మ పానా అందుకుంది. మా ఆవిడ వెనక నుంచి అమ్మ నడుముకి చెయ్యి ఆసరా ఇచ్చి, ఎక్కడ తగిలించాలో చూపించింది. అమ్మ పళ్ళు బిగించి తన బరువంతా వేసి నొక్కింది. టక్. ఉలిక్కిపడి చెయ్యి వదిలేయబోయింది. "అదే. అది వినిపిస్తేనే అయినట్టు" అంది మా ఆవిడ. అమ్మ ఎదురుగా ఉన్న నట్టుకి మార్చింది. టక్. మిగతావి కూడా. చివరిదానికి వచ్చేసరికి ఇద్దరూ రొప్పుతున్నారు.

"ఇక గియ్యండి."

"నువ్వు గియ్యమ్మా. నీ పని."

"బిగించింది మీరు. నేనెలా గీస్తాను?"

అమ్మ చేతిసంచీ తెరిచి సుద్దముక్క తీసింది. ఎన్నేళ్ళుగానో గుడ్డల మీద స్కేలు లేకుండా గీతలు గీసిన చెయ్యి. నాలుగు గీతలూ వంకరగా వచ్చాయి. అమ్మ వాటిని దిద్దలేదు.